మగ్గం పట్టే ఇల్లు

ఆ వానకాలం నేను గోడకు ఒరిగి కూసునుడు మానేసిన. అన్నం తిన్నా, కండెలు చుట్టినా అర్ర నడిమధ్యలనే కూసునేదాన్ని. మా ఆయన చూసి నవ్వేటోడు. కొన్ని దినాలకు ఆయన సుత గోడ దిక్కు జరుగుడు మానేసిండు. అప్పుడు నాకు ఇంకా భయమైంది.

మేం గద్వాల కోట పక్కన ఒక గల్లీల కిరాయికి ఉంటుంటిమి. రాయి, మట్టి కలిపి కట్టిన పాత ఇల్లు. పైన కట్టె దూలాలు, వాటి మీద మట్టి మిద్దె. ముందర పెద్ద అర్ర, ఎనుక వంటకు చిన్న జాగ. పెద్ద అర్రల సగం మా గుంట మగ్గమే. మేం నేసేది గద్వాల చీరలు. నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసే కాడ పోగును పోగుల మెలేసుకుంట పోవాలె గనుక మగ్గం మీద ఇద్దరు కూసోవాలె. కాళ్ళు గుంటల పెట్టుకొని నేనొక దిక్కు, మా ఆయన ఒక దిక్కు. నేల సల్లదనానికి పోగు తెగదు. పై అంతస్తుల ఆ సల్లదనం రాదు, గుంట తవ్వెతందుకు అక్కడ నేలే ఉండదు. అందుకని మా అసొంటోళ్ళకు కింది ఇల్లే కావాలె, అది సుత బండలు పరవని ఇల్లు. అసొంటివి మా ఊర్ల ఏడాదికేడాది తక్కువైతున్నయి. ఉన్న ఒకటి రెండు మాకు అందే కిరాయిల ఉండవు.

ఇంటి ఓనరు హైదరాబాదుల ఉంటడు. మంచోడే. కిరాయి పెంచలేదు. కాని మిద్దె బాగు చేయించమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా, "ఎండకాలం చూద్దామమ్మా" అనేటోడు. ఎండకాలం వచ్చేది, పొయ్యేది.

ఆ ఏడు ముసురు పట్టి ఇడువలేదు. మగ్గం గుంటల నీళ్ళు ఊరుతుండె. పొద్దుగాల లేవంగనే చెంబుతోటి తోడిపోసి, బూడిద చల్లి, గోనెసంచి పరుచుకొని కూసునేటోళ్ళం. అసొంటి ఒక దినం మా పక్క గల్లీల ఒక ఇంటి గోడ పడ్డది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల ఉన్నది. పెద్ద చప్పుడేం కాదు. గోనెసంచి నిండా జొన్నలు కింద పడేసినట్టు, మెత్తగ. ఉరికిపొయ్యి చూస్తే ఆ ఇంటి ముసలాయనను మట్టికెళ్ళి గుంజుతుండ్రు. ఆటోల ఎక్కిస్తుంటే ఆయన మూలుగుత లేడు, ఏడుస్త లేడు. మొఖం నిండ మట్టి, నడుమ కండ్లు రెండు తెరిచి ఉన్నయి. అవి నన్నే చూస్తున్నట్టనిపించింది. దవాఖానకు తీస్కపోయిండ్రు. పానం దక్కింది గాని కాలు పోయింది.

ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని మా గోడలు చూసుడు. ఎనుక గోడకు, దూలం ఆనే కాడికెళ్ళి దేవుని గూడు దాంక ఒక చీలిక ఉన్నది. నా ఏలు ఆ సందుల సగం దూరింది.

"గిది చూడు జర," అన్న.

మా ఆయన వచ్చి చూసి, "అది పాతదే. మనం దిగినప్పటి సంది ఉన్నది," అన్నడు.

"ఏలు దూరుతుండెనా?"

ఆయన తన ఏలు సుత పెట్టి చూసిండు. మా బిడ్డ అప్పుడు ఆరో తరగతి. అది మైదా ఉడకబెట్టి, నోటుపుస్తకం కాయిదం ఒకటి చింపి, ఆ చీలిక మీద అడ్డంగ అతికించింది. "గోడ జరిగితే కాయిదం చినుగుతదమ్మా, మా సారు చెప్పిండు," అన్నది. దానికి అదొక ఆట. నాకేమో ఆ కాయిదం చూసుడే ఒక పనైంది. నేసుకుంట నేసుకుంట తలకాయ తిప్పి చూసేదాన్ని. నా దిక్కు పోగు తప్పేది. మా ఆయన గునిగేటోడు. ఒకనాడు పొద్దుగాల చూస్తే ఆ కాయిదం నడిమికి చినిగి ఉన్నది. చినిగిన అంచులు మల్ల కలవకుంట ఇంతంత ఎడంగ ఉన్నయి. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది నిజమైతదేమో అని భయం.

తర్వాత మునిసిపాలిటీ వాళ్ళు ఇద్దరు వచ్చిండ్రు. మా తలుపు పక్కన ఎర్ర రంగుతోటి అడ్డగీత పెట్టిండ్రు.

"ఈ ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి. ఎప్పుడు పడుతదో తెల్వదు."

"యాడికి పోవాలె సారూ?" అని అడిగిన.

"అది మేమెట్ల చెప్తమమ్మా? మేం చెప్పలేదని మాత్రం తర్వాత అనొద్దు."

ఆనాటి సంది ఇల్లు వెతుకుడు మొదలైంది. పొద్దున నేసుడు, మాపటిపూట బండి ఏసుకొని తిరుగుడు. బస్టాండు ఎనుక, రైల్వే స్టేషను దిక్కు, కొత్త కాలనీలు, అన్నీ తిరిగినం. ఒక కొత్త కాలనీల ఒక పంతులమ్మ మంచిగ కూసోబెట్టి నీళ్ళిచ్చింది. చీరలు నేస్తమని చెప్పంగనే ఆమె మొఖం వెలిగింది. "గద్వాల చీరలంటే నాకు పానం! నా పెండ్లికి కట్టింది అదే," అన్నది. ఇల్లు చూపిచ్చింది. తెల్లటి నున్నటి బండలు, మొఖం కనపడుతుండె వాటిల్ల. మా ఆయన మెల్లగ, "ఇక్కడ ఒక గుంట తవ్వుకోవాలె అమ్మా. నడుము లోతు," అన్నడు. ఆమె నవ్వింది. మేం నవ్వకపొయ్యేసరికి ఆమె మొఖం మారింది. "మగ్గం మీరు ఇంకొక తాన పెట్టుకోండ్రి, ఇల్లు ఇక్కడ తీసుకోండ్రి," అన్నది. రెండు కిరాయిలు కట్టేటోళ్ళమైతే ఎర్రగీత పెట్టిన ఇంట్ల ఎందుకుంటం?

ఇంకొకాయన నేల చూపిచ్చి తవ్వుకోమన్నడు గాని, దినమంత టకటక చప్పుడంటే వాళ్ళ నాయనకు బీపీ లేస్తది అన్నడు. ఇంకొక తాన నేలున్నది, ఇంటామె సరేనన్నది, కిరాయి సుత మాకు అందుతది. లోపలికి పోయి పైకి చూసిన. అదీ మట్టి మిద్దె. దూలానికి చెద పట్టి ఉన్నది. మా ఆయన మాట్లాడుతనే ఉన్నడు, నేను బయటికొచ్చి బండి కాడ నిలబడ్డ.

"మంచిగనే ఉన్నది గదనే," అన్నడు ఆయన వచ్చి.

"ఒక సమాధికెళ్ళి ఇంకొక సమాధిలకు పోదమా?" అన్న. అంత మాట నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. ఆయన బండి స్టార్ట్ చేసిండు.

తిరిగి తిరిగి ఇంటికొచ్చేటప్పుడు గల్లీ మూల మలిగే కాడ నేను కండ్లు మూసుకునేదాన్ని. ఇల్లు ఉన్నదో లేదో చూసే ధైర్యం లేక. బిడ్డ అరుగు మీద కూసుండి రాసుకుంట "అమ్మా" అని పిలిస్తెనే కండ్లు తెరిచేదాన్ని. రాత్రయితే ముగ్గురం తలుపు కాడనే తలకాయలు పెట్టి పండేటోళ్ళం.

మా తమ్ముడు వనపర్తిల ఉంటడు. కొత్తకోటల లారీల మెకానిక్ షెడ్డుల పని చేస్తడు. వాని బిల్డింగుల మూడో అంతస్తుల రెండు రూములు ఖాళీ అయినయని ఫోన్ చేసిండు. "వచ్చి చూడక్కా. కిరాయి నేను మాట్లాడుత." మా ఆయనకు ఇష్టం లేదు. నేను ఏడ్చినందుకు వచ్చిండు. ఆ దినం వాన తెరిపిచ్చింది, ఎండ సుత వచ్చింది. బిడ్డకు మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పిన, "బడికెళ్ళి వచ్చినంక లోపలికి పోకు. అరుగు మీదనే కూసో." అది తలకాయ ఊపింది.

వనపర్తిల ఆ రూములు మంచిగున్నయి. గోడలు నిటారుగ, కొత్త రంగుతోటి. నేను పోయి ఒక గోడకు అరచెయ్యి ఆనించిన. గట్టిగ, పొడిగ, సల్లగ ఉన్నది. తర్వాత వీపు ఆనించిన. ఎన్ని దినాలైందో గోడకు ఒరిగి. నా కండ్లల్లకెళ్ళి నీళ్ళు కారుతుంటే తమ్ముడు పరేషాన్ అయిండు.

మా ఆయన కాలుతోటి నేలను ఒకసారి తన్ని, "కింద ఎవరుంటరు?" అని అడిగిండు.

"బ్యాంకుల పనిచేసేటాయన."

"నా మగ్గం ఆయన నెత్తి మీదనా?"

తమ్ముడు, "మగ్గం ఇడిసిపెట్టు బావా," అన్నడు. "మా షెడ్డుల పనిప్పిస్త. నెల నెలా జీతం. అక్కను చూడు ఎట్లయిపోయిందో."

మా ఆయన కిటికీకెళ్ళి బయటికి చూసుకుంట నిలబడ్డడు. ఆయన నాయన, తాత, అందరూ ఆ గుంటల కాళ్ళు పెట్టి బతికినోళ్ళే. నాకది తెలుసు. తెలిసి సుత ఆ ఘడియల నేను మనసుల, సరే అను, ఒక్కసారి సరే అను అని మొక్కుతున్న. నాకు ఆ గోడలు కావాలె. భయం మనిషిని అట్ల చేస్తది.

ఆయన ఏం చెప్పకముందే నా ఫోన్ మోగింది. మా గల్లీ ఆమె. అవుతల వాన చప్పుడు, మనుషుల లొల్లి. "వదినా, యాడున్నరు? ఇల్లు కూలింది వదినా, మీ దిక్కే..." అంతే, కట్టయింది. మల్ల చేస్తే కలువలేదు. మల్ల, మల్ల చేసిన. కలువలేదు.

బడి ఇడిసే యాళ్ళ దాటింది. బిడ్డ ఇంటికొచ్చి ఉంటది.

బస్టాండుకు ఎట్ల పోయినమో నాకు యాదికి లేదు. బస్సు పెబ్బేరు దాటంగనే మబ్బు కమ్మి వాన అందుకున్నది. అద్దాల మీద నీళ్ళు తప్ప ఇంకేం కనపడ్త లేవు. డ్రైవరు మెల్లగ పోతుండు. నాకు దిగి ఉరకాలనిపిస్తుంది. బీచుపల్లి కాడ కృష్ణ మీది వంతెన ఎక్కినప్పుడు ఒక అమ్మ కిటికీ తీసి నదికి చేతులు జోడించింది, నేను సుత జోడించిన గాని ఏం మొక్కాలెనో మాట రాలేదు. నా కండ్ల ముందర ఆటోల పండబెట్టిన ఆ ముసలాయన మొఖమే. ఆ మొఖం చిన్నదైతుంది, రెండు జడలొస్తున్నయి. నేను తలకాయ గట్టిగ ఊపిన. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. బస్సుల, అందరి ముందర, ఆయన నా చెయ్యి పట్టుకునుడు అదే మొదలు.

"అరుగు మీద ఉంటది," అన్నడు. "నువ్వు చెప్పినవు గద."

"వాన పడితే అరుగు మీద ఎట్ల కూసుంటది? తడుస్తదని లోపలికి పోదా?"

ఎర్రవల్లి చౌరస్తా కాడ బస్సు ఆగి మనుషులను ఎక్కించుకుంటుంటే కండక్టరు మీద అరిచిన. ఆయన కోపానికొస్తడనుకున్న. నా మొఖం చూసి విజిల్ ఏసిండు.

గల్లీ మూల కాడ ఈసారి కండ్లు మూసుకోలేదు. మనుషులు గుమిగూడి ఉన్నరు. వాళ్ళను తోసుకుంట పోతే మా ఇల్లు నిలబడే ఉన్నది. పడ్డది మా ఎనుక ఇల్లు, ఎవరూ ఉండని ఇల్లు. కాని మా తలుపు బార్లా తెరిచి ఉన్నది. లోపల మగ్గం మీద బిడ్డ బడి సంచి ఉన్నది. బిడ్డ లేదు.

నేను అరిచిన అరుపుకు గల్లీ అంత సప్పుడు బంద్ అయిందంట. నాకు తెల్వదు, తర్వాత చెప్పిండ్రు. ఎవరో నా భుజం పట్టి మూల మీది గిర్ని దిక్కు తిప్పిండ్రు. అది ఒకప్పుడు పిండి పట్టే గిర్ని. గిర్ని నడిపినాయన పోయినంక మూసి పెట్టిండ్రు, పక్కన అర్రల ఆయన భార్య, మా గల్లీల అందరికీ పెద్దమ్మ, ఒక్కతే ఉంటది. ఆమె చూరు కింద మా బిడ్డ ఆమె పాత చీర కప్పుకొని నిలబడి ఉన్నది. మూతి నల్లబడి, పండ్లు కొట్టుకుంటున్నయి. నన్ను చూసినంక ఏడుపందుకున్నది.

"అంజబేడ, అంజబేడ," అంటుంది పెద్దమ్మ దాని వీపు నిమురుకుంట. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. భయపడకు అని వాళ్ళ మాటల అట్ల అంటరు. "ఎంత పిలిచినా లోపలికి రాలే. మా అమ్మ వస్తే ఈడనే చూస్తది అని ఈడనే నిలబడ్డది."

"లోపలికి పోవద్దంటే ఎందుకు పోయినవు?" అన్న, దాన్ని రెండు చేతులతోటి గుంజుకొని.

"వాన పడుతుందని పోయిన. పైనుంచి మట్టి సర్రున జారిందమ్మా, ఎనుక దబ్బుమన్నది." అది ఎక్కిళ్ళు పెట్టుకుంట చెప్పింది, "చీర మీద పడుతుందని... దుప్పటి కప్పి ఉరికొచ్చిన."

గోడ పడుతుంటే అది ఆగి చీరకు దుప్పటి కప్పింది. నాకు ఎంత కోపమొచ్చిందంటే కొడుదామని చెయ్యెత్తిన. ఆ చెయ్యి అట్లనే దాని నెత్తి మీద పడ్డది. అక్కడనే బురదల కూలబడి దాన్ని ఒళ్ళకు తీసుకున్న. మా ఆయన గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు.

పెద్దమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి చాయ పోసింది. "ఇగ ఆ ఇంట్ల అడుగు పెట్టకుండ్రి," అన్నది. గ్లాసులు తీసుకుంట, "నా గిర్ని చూస్తరా?" అన్నది.

షటరు లేపినం. లోపల చీకటి, పాత పిండి వాసన. గోడలు సిమెంటువి, పైన స్లాబు. మెషిన్లు ఎప్పుడో అమ్మేసింది. ఇంజను ఉన్న కాడ నేలల పొడుగాటి గుంట ఒకటి, చిరిగిన సంచులతోటి నిండి ఉన్నది. మా ఆయన ఆ సంచులు తీసి అవుతల పడేసిండు. గుంట అంచు మీద కూసుండి కాళ్ళు లోపలికి దించిండు. చేతులు ముందరికి చాపిండు, మగ్గం ఉన్నట్టే.

"జర ఎడల్పు చెయ్యాలె," అన్నడు.

"చేసుకోండ్రి. నలభై ఏండ్లు ఇంజను చప్పుడు విన్న గల్లీ ఇది. మీ టకటక ఎవరికి అడ్డం?" అన్నది పెద్దమ్మ.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అని అడిగిన. "మేం ఊరంత తిరుగుతిమి."

"మీరు ఇల్లు అడుగుతుండ్రి. ఇది గిర్ని. కిటికీ సుత లేదు. దీన్ని ఇల్లని ఎట్ల చెప్పాలె?" కిరాయి సంగతి అడిగితే, "అక్కడిచ్చేదే ఇయ్యుండ్రి," అన్నది.

అంత బాగనే అయిందనుకున్న. కాని మగ్గం ఇంకా ఆ ఇంట్లనే ఉన్నది. దాని మీద సగం నేసిన చీర, ముందర ఇంకా నెయ్యాల్సిన నిలువు పోగుల పడుగు. ఎనుక ఇల్లు పడ్డంక మా గోడకు వాన నేరుగ కొడుతుంది.

"నేను పోయి తెస్త," అన్నడు మా ఆయన.

"కోసి తేరాదూ?"

"కోస్తే ఇన్ని దినాల పని ఏమైతది? చుట్టుకొని తీస్కొస్త."

చుట్టాలంటే ఇద్దరు కావాలె. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన నన్ను రమ్మని అడుగలేదు. మా గల్లీ నేతగాండ్లు ఇద్దరు రెండు వాసాలు తెచ్చి దూలం కింద ఆసరా పెట్టి, వాటిని పట్టుకొని నిలబడ్డరు. వాళ్ళ పెండ్లాలు బయటికెళ్ళి వాళ్ళను పేర్లు పెట్టి తిడుతుండ్రు, రమ్మని. ఆయన ఒక్కడే గుంటల దిగి ఒక కొస పట్టుకున్నడు. నేను బిడ్డను పెద్దమ్మకు అప్పజెప్పి లోపలికి పోయిన.

ధైర్యంతోటి పోలేదు. ఆయన లోపలుంటే నేను బయట నిలబడి చూసుడు నాకు చాత కాలేదు, అంతే. గడప దాటంగనే నా ఒళ్ళంత చెమట పట్టింది. ఎనుక గోడ కింది దాంక నల్లగ తడిసింది. ఎక్కడికెళ్ళో మట్టి సన్నగ రాలుతనే ఉన్నది. దుప్పటి తీస్తే చీర పొడిగనే ఉన్నది.

"అటు చూడకు," అన్నడు ఆయన. "పోగులు చూడు. బిగువు ఇడువకు."

పోగులు దూరే అచ్చు కదలకుంట గుడ్డతోటి కట్టినం. పైన తాళ్ళు ఇప్పినం. నేసిన బట్ట ఆయన దిక్కు కర్రకు, పడుగు నా దిక్కు కర్రకు. చుట్టుకుంట, చుట్టుకుంట దగ్గరికి రావాలె. ఒక్క చుట్టు వదులైతే పోగులన్నీ చిక్కు పడతయి. నా ఏళ్ళు నా మాట వింట లేవు. వంట కాడ ఏదో దభేలుమన్నది. దూలం పట్టుకున్నాయన "వదినా, ఇగ రాండ్రి!" అని అరిచిండు. నేను గడ్డకట్టుకపోయిన. కాళ్ళు ముందరికి పోవు, ఎనుకకు రావు.

"ఇంక మూడు చుట్లే," అన్నడు మా ఆయన. మెల్లగ, దినాము మగ్గం మీద చెప్పినట్టే. "చుట్టు. ఇంకొకటి. చుట్టు."

చుట్టిన. చీర చుట్టిన ఆ రెండు కర్రలు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని, తలకాయలు వంచుకొని బయటికొచ్చినం. దూలం ఇడిసి వాళ్ళిద్దరు సుత ఉరికొచ్చిండ్రు. బయటికొచ్చినంక నాకు వాంతి అయింది. పెద్దమ్మ నెత్తి మీద నీళ్ళు పోసింది. మిగిలిన మగ్గం కట్టెలు వాన తెరిపిచ్చినంక మగోళ్ళు తెచ్చిండ్రు.

ఆ ఇల్లు పడలేదు. ఆ వానకాలమంత పడలేదు. తర్వాతి ఏడూ పడలేదు. మా ఆయన అటు దిక్కు పోయినప్పుడల్ల నన్ను చూసి, "ఉన్నది చూడు, నిన్ను యాది చేస్తుంది," అంటడు. ఇప్పుడందుల ఎవరో మేకలు కట్టేస్తుండ్రు. ఊకనే భయపడ్డనా అని నాకు ఒక్కోసారి అనిపిస్తది. మల్ల ఆ బస్సు యాదికొస్తది, ఇంకేం అనిపియ్యదు.

గిర్నిల మాకు కిటికీ లేని బాధ బాగనే ఉన్నది. పొద్దంత షటరు సగం లేపి పెట్టి, లైటు ఏసుకొని నేస్తం. ఎండకాలం ఉడికిపోతం. మొదట్ల చీరలకు పిండి అంటుకునేది, గోడలు ఎన్నిసార్లు కడిగినమో. పెద్దమ్మ పొద్దుమూకంగ వచ్చి గడప మీద కూసుంటది. చప్పుడు లేకుంటే ఆమెకు నిద్ర రాకపోయేదంట ఇన్ని దినాలు. బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతికొచ్చింది. నాలెక్క దానికి భయం లేదు, వానల సుత ఊరంత తిరిగొస్తది.

నాకే పోలేదు. ఎవరింటికన్న పోతే వాళ్ళు కూసోమని కుర్చీ ఏస్తరు. నేను ముందుగాల గోడలు చూస్త. తర్వాత పైకి చూస్త. వాళ్ళు మాట్లాడుతనే ఉంటరు, నేను తలకాయ ఊపుకుంట, తలుపుకు ఎంత దూరమున్నదో చూసుకుంట, మెల్లగ కుర్చీని జర అటు జరుపుకుంట.